'ట్టు' బుగ్గ మీద చుక్క

నిన్న మా కోడలి కొట్టు ముందు నిలబడి, "ఆ చివరి అక్షరం బుగ్గ మీద నల్లచుక్క భలేగా ఉందే, ఎవరి ఐడియా?" అని మీరంతా ఒకరి తర్వాత ఒకరు అడిగారు. నేను కొంగు సర్దుకుని, నవ్వి ఊరుకున్నాను. ఊరుకోక ఏం చెయ్యను? ఆ చుక్క వెనకాల నా పరువు ముడుచుకుని కూర్చుని ఉంది. చుక్కేమో అరచేతంత, నా పరువేమో కొండవీడు కొండంత. అందులో ఎట్టా పట్టిందో నాకే తెలీదు.

సరే, టీ చల్లారేలోపు చెప్తాను వినండి. కాస్త పెంచి చెప్తానని మీకు ముందే అనుమానం ఉంటది. తాలింపు లేకుండా పప్పు వడ్డించడం నాకు చేతకాదు. ఈ వయసులో కొత్తగా నేర్చుకోమనకండి.

మా కోడలు వసంత సంగతి మీకు తెలిసిందే. మాచర్ల నుంచి నరసరావుపేట దాకా ఏ పెళ్ళిలో బొబ్బట్లు బాగున్నా, అవి దాని చేతివే. పేరు మాత్రం వంట కాంట్రాక్టరుది. ఏళ్ళ తరబడి ఊళ్ళవాళ్ళ పందిళ్ళ వెనకాల పొగలో కూర్చుని, ఎవరు చేశారో ఎవరికీ తెలియని బొబ్బట్లు చేసింది. ఇప్పటికి సొంతంగా ఒక కొట్టు కుదిరింది. కొట్టంటే ఎంత కొట్టు? నేను లోపల తుమ్మితే రోడ్డు మీద పోయేవాడు చిరంజీవ అంటాడు. పెనం పాతది, గాజు అలమార పాతది, కుర్చీలు ఏదో మూతపడ్డ హోటలువి.

"అత్తయ్యా, బోర్డు ఒక్కటి మాత్రం కొత్తది పెట్టుకుందాం," అంది వసంత. "పొయ్యి దగ్గర ఎవరున్నారో ఎవరికీ కనపడదు. బోర్డన్నా కనపడాలి."

మాట్లాడితే అరిగిపోతుందేమో అన్నట్టు నోరు దాచుకునే పిల్ల అది. పెళ్ళయి ఈ ఇంటికి వచ్చాక నా దగ్గర నోరు తెరిచి ఇది కావాలి అని అడిగింది అదే మొదలు. ఈ మాట గుర్తుపెట్టుకోండి. తర్వాత నేను చేసిన ఘనకార్యం బరువెంతో అప్పుడు తెలుస్తది.

బోర్డుకి మస్తాన్ దగ్గరికి పోయాం. వాళ్ళ నాన్న కుంచెతో గోడలమీద రాసేవాడు, వీడు కంప్యూటరుతో రాస్తాడు. "ఒరేయ్ మస్తానూ, జిల్లాలో ఎవడికీ లేని అక్షరాలు చూపించు," అన్నాను. "వాటిని ఫాంటు అంటారు పెద్దమ్మా," అని 'బొబ్బట్టు' అని కొట్టి, దాన్నే రకరకాలుగా మార్చి చూపిస్తా పోయాడు. మొదటిది సన్నగా, ఏకాదశి ఉపవాసం ఉన్నట్టుంది. బొబ్బట్ల కొట్టుకి ఉపవాసమేందిరా, తీసెయ్ అన్నాను. తర్వాతదానికి చివరలన్నీ సూదులు. శుభలేఖల మీద ఉంటయ్ చూడండి, అవి. ముట్టుకుంటే రక్తం వచ్చేటట్టుంది. ఆ తర్వాతది నిటారుగా, పలకలు పలకలుగా, తాసీల్దారాఫీసు గుమస్తాలాగా నిలబడింది. బొబ్బట్టు కావాలంటే ముందు ఆధార్ కార్డు జిరాక్స్ తెమ్మనేటట్టుంది.

అప్పుడు నొక్కాడు ఇంకోటి.

నా తల్లే.

తెర నిండా మూడే మూడు అక్షరాలు. లావుగా, బొద్దుగా, నున్నగా. వెతికినా ఒక్క మూల లేదు. గీత మొదలైన చోట ఎంత లావో, ఆగిన చోటా అంతే లావు. ఆ ఆగడం కూడా కత్తిపెట్టి కోసినట్టు కాదు, బొటనవేలి కొసలాగా తిరిగిపోయింది. బ కీ ట కీ ఎటూ తలకట్టు ఉండదు కదా, అందుకని మూడూ కొండ మీద గుండు చేయించుకొచ్చిన పసిపిల్లల్లాగా ఉన్నాయి. 'బొ' నెత్తిన ఒత్వం పిలకలాగా. 'బ్బ' కింద చిన్న బ, తల్లి కాళ్ళ దగ్గర చేరిన పిల్లలాగా. ఇంక 'ట్టు' ఉంది చూశారూ, దాని బుగ్గ! మా వంశంలో ఏడు తరాల పిల్లల బుగ్గలన్నీ కలిపినా అంత ఉండవు.

నేను కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాను. నాకేం గుర్తొచ్చిందో తెలుసా? నా పలక. చిన్నప్పుడు పంతులుగారు పలక మీద సన్నగా బ రాసిచ్చి దిద్దమనేవాడు. నేను దిద్దీ దిద్దీ దిద్దీ, బలపం అరిగి వేలు అరిగేదాకా దిద్దితే, సాయంత్రానికి నా బ ఇట్టాగే లావెక్కి, మూలలన్నీ పోయి, బుడుంగుమని కూర్చునేది. "ఇది అక్షరమా, గుమ్మడికాయా?" అని పంతులుగారు తొడపాశం పెట్టేవాడు. ఇదుగో, ఇన్నేళ్ళకి అదే గుమ్మడికాయ కంప్యూటరులో దర్జాగా కూర్చుని ఉంది. ఆయన బతికుంటే చెయ్యిపట్టి లాక్కొచ్చి చూపించేదాన్ని.

"దీన్ని బోల్డ్ రౌండెడ్ అంటారు పెద్దమ్మా," అన్నాడు మస్తాన్. "డిస్‌ప్లే ఫాంటు. పెద్ద బోర్డులకే పుట్టింది. చిన్న కార్డుల మీద వేస్తే పొట్టలు పూడుకుపోయి ముద్దయిపోయిద్ది. దూరం నుంచి చూస్తేనే అందం."

"నా లాగా అన్నమాట," అన్నాను.

వాడు నవ్వాడుగానీ నేను నవ్వలా. ఎవరో ఒక మనిషి, ఎక్కడో కూర్చుని, ఈ బ పొట్ట ఎంత ఉబ్బాలి, ఈ ట మెడ ఎంత వంగాలి అని చూసుకుని చూసుకుని చేసుంటారు కదా. మనకి యాభై ఆరు అక్షరాలు, వాటికి గుణింతాలు, వాటికి ఒత్తులు. అన్నిటికీ ఇట్టా నెయ్యి పోసి పెంచారంటే, ఎవరు కన్నారోగానీ ఆ బిడ్డ చల్లగా ఉండాలి. మా వసంత అరిటాకు మీద బొబ్బట్టు అరచేత్తో తడుతుంటే అంచు ఎట్టా తిరుగుద్దో, ఈ అక్షరాల అంచు అట్టాగే తిరిగింది. బొబ్బట్టుకి మూలలుంటే అది బొబ్బట్టెందుకయిద్ది?

నేను ఇంత ఉపన్యాసం ఇస్తుండగానే వసంత లేచింది. తెర దగ్గరికి పోయి, ఒక్క వేలితో 'బొ' అంచు మెల్లగా ముట్టుకుంది. వేడిగా ఉందేమో చూసినట్టు. "ఇదే," అంది.

అయిపోయింది. మిరపపండు రంగు యాక్రిలిక్ ప్లాస్టిక్‌తో, లోపల లైట్లు పెట్టి, మనిషంత ఎత్తు అక్షరాలు చేయించాం. సరే, మనిషంత కాదులెండి, నా మోకాలి దాకా వస్తాయి. కూర్చున్న మనిషంత.

గురువారం మధ్యాహ్నం మస్తాన్ అక్షరాలు తెచ్చి మా వసారాలో నవారు మంచం మీద వరసగా పడుకోబెట్టాడు. తెల్లారి బిగింపు, తొమ్మిదింటికి ముహూర్తం. "వీటిమీద పల్చటి పొర ఉంది. బిగించినాక నేనే ఊడదీస్తా. అప్పటిదాకా ఎవరూ చెయ్యి పెట్టొద్దు," అన్నాడు. 'ఎవరూ' అన్నప్పుడు నావంకే ఎందుకు చూశాడో నాకు అర్థం కాలేదు. మా అబ్బాయి పిడుగురాళ్ళ నుంచి సున్నం లోడేసుకుని లారీ మీద పోయున్నాడు. వసంత నెయ్యి తేవడానికి స్కూటీ మీద బెల్లంకొండ పోతా, "అత్తయ్యా, కాస్త చూస్తా ఉండండి," అంది.

చూస్తా ఉండమంది కదా, చూశాను. అదే నేను చేసిన తప్పని తర్వాత తేలింది.

ఎంతసేపు చూశానో తెలీదు. అన్నం తినడం మర్చిపోయాను. పొద్దున నానబెట్టిన మినుములు మొలకలొచ్చి చెట్లయిపోయుంటయ్. ఎట్టా చూసినా ముద్దుగానే ఉన్నాయి. తలగడ వైపు నుంచి చూశా, కాళ్ళ వైపు నుంచి చూశా, వంగి చూశా. అయితే పైనున్న పొర వల్ల కొంచెం మబ్బుగా ఉన్నాయి, జలుబు చేసిన పిల్లల్లాగా. 'ట్టు' చివర ఆ పొర కాస్త లేచి, రా రమ్మని పిలుస్తా ఉంది. ఒక్కదానికి ఒక్క మూల, అంటే మూల లేదు కదా, ఒక్క అంచు తీసి చూద్దామనుకున్నాను. గోరు పెట్టి లాగితే పాము కుబుసంలాగా సర్రున మొత్తం వచ్చేసింది.

లోపలి మెరుపు ఏం చెప్పను. నా మొహం కనపడింది దాంట్లో. నా మొహం కూడా గుండ్రంగా, ముడతలు లేకుండా కనపడిందంటే ఆ అక్షరం మహిమ ఏపాటిదో మీరే ఆలోచించుకోండి.

సరిగ్గా అప్పుడే పాలలోకి తోడు కోసం గిన్నె పట్టుకుని వచ్చింది పక్కింటి సుబ్బులొదిన.

సుబ్బులొదిన మంచిదే. కళ్ళే మంచివి కావు. మా గేదెని చూసి "అబ్బో పొదుగు" అన్న రోజున అది తన్నిన తన్నుకి చెంబు ఎగిరి సత్తెనపల్లిలో పడింది. కొండవీడు కోట కూడా రాజుల మీద రాజులు వచ్చి కూల్చారంటారుగానీ, నాకెందుకో సుబ్బులొదిన ముత్తవ్వ ఒకసారి అటు వెళ్ళొచ్చిందనే అనుమానం. ఆ సుబ్బులొదిన గడప దాటి, మంచం దగ్గర ఆగి, 'ట్టు' వైపు చూసి, బుగ్గన వేలేసుకుని, "ఎంత ముద్దొస్తుందే వదినా, కొరుక్కు తినాలనిపిస్తుంది," అంది.

నా గుండె జారి గిన్నెలో పడింది. ఆ గిన్నెలోనే తోడేసి పంపించాను.

తెల్లారితే ముహూర్తం. బోర్డంటే వసంతకి ప్రాణం. బిగించేటప్పుడు నిచ్చెన జారితే? లైటు వెలక్కపోతే? పసిబిడ్డకి దిష్టి తగిలితే ఏం చేస్తాం? బుగ్గన చుక్క పెడతాం. వీటికన్నా బొద్దు పసిబిడ్డలు ఎక్కడున్నారు? కాటుక భరిణె తెచ్చాను. ఆముదం దీపం పట్టి నేనే చేసిన కాటుక, దాని నలుపు ముందు అమావాస్య వెలవెలబోవాల్సిందే. ఉలవగింజంత పెడదామనుకున్నా. వేలు జారి రేగుపండంత అయింది. కొంగుతో కాస్త అంచు తుడిచాను. వంకాయంత అయింది. ఇంకాస్త తుడిచాను. 'ట్టు' బుగ్గ నిండా మసి. బొగ్గుల బస్తాలో ఆడుకుని వచ్చిన పిల్లలాగా నావంక చూస్తా ఉంది.

సబ్బునీళ్ళతో తుడిస్తే పోయేదంట. ఆ ముక్క ఇప్పుడు అందరూ చెప్తున్నారు. ఆ పూట చెప్పేవాళ్ళెవరున్నారు? నాకు తోచిందల్లా, మొన్న గేటుకి రంగేసినప్పుడు బండలమీద పడ్డ మరకలు మస్తుగా వదలగొట్టిన టిన్నర్. సీసాలో కాస్త మిగిలుంది. అంత మొండి రంగే పోగా లేంది కాటుకెంత అనుకుని, గుడ్డముక్క ముంచి 'ట్టు' బుగ్గ మీద ఒక్కటంటే ఒక్కటే రుద్దు రుద్దాను.

కాటుక పోయింది. కాటుకతోపాటు బుగ్గ కూడా పోయింది.

మెరుపంతా ఎటు పోయిందో, ఆ చోట తెల్లగా, మసకగా, శుక్లం వచ్చిన కన్నులాగా మచ్చ. ఊదాను, పోలా. నెయ్యి రాశాను, పోలా. మూడు కోట్ల దేవతలకి మొక్కాను, వాళ్ళూ చూసి పక్కకి తప్పుకున్నారు. వీధి చివర స్కూటీ హారను వినపడింది.

మీరైతే ఏం చేసేవాళ్ళో నాకు తెలీదు. నేను నా మెత్తటి పాత నేతచీర తీసి, 'ట్టు'కి చుట్టబెట్టి, మంచం మీద ఒత్తిగిలించి పడుకోబెట్టాను.

వసంత నెయ్యి డబ్బా దించి వచ్చి మంచం వైపు చూసింది. "అత్తయ్యా, అదేంది?"

"పడుకుంది," అన్నాను.

"ఎవరు?"

నేను చీర ఇంకాస్త పైకి కప్పాను. వసంత ఆ చీర తీసింది. చూసింది. సీసా వైపు చూసింది, కాటుక భరిణె వైపు చూసింది, నా కొంగు వైపు చూసింది. కోర్టులో జడ్జి కూడా అంత తొందరగా కేసు తేల్చలేడు. తిడితే బాగుండు. తిట్టలేదు. మస్తాన్‌కి ఫోన్ చేసింది. ఆ ముక్క మళ్ళీ కోయించాలంటే గుంటూరు పోవాలి, రేపటికి అవదు అన్నాడంట. ఫోను పెట్టేసి, మచ్చ మీద వేలు పెట్టి, మొన్న తెర మీద 'బొ'ని ముట్టుకున్నట్టే ముట్టుకుంది. తర్వాత లోపలికి పోయింది.

నేను గుమ్మం దగ్గర కూలబడ్డాను. నవ్వులాటకి చెప్తున్నాగానీ, ఆ కాసేపూ నాకు నవ్వు రాలేదు. అది అడిగిందే ఒక్కటి. అదీ నా చేతుల్లోనే పాడయింది.

లోపల్నుంచి పంపు చప్పుడు వచ్చింది. ఏడ్చి మొహం కడుక్కుంటుందనుకున్నా. బయటికొచ్చింది. కళ్ళు ఎర్రగానే ఉన్నాయి. మంచం పక్కన గొంతుక్కూర్చుని, చూపుడు వేలు కాటుకలో ముంచి, మచ్చ నడిమధ్యన పెట్టి, వేలెత్తకుండా మెల్లగా చుట్టూ తిప్పింది. ఏళ్ళ తరబడి బొబ్బట్లు తట్టిన వేలు కదా. వణకలేదు, జారలేదు. వేలు తీసేసరికి మచ్చ లేదు. గుండ్రటి, నిండైన, నల్లటి చుక్క. ఆ అక్షరం చివరలు ఎంత గుండ్రమో చుక్కా అంతే గుండ్రం. ఆ ఫాంటు చేసిన మనిషి చుక్కతోసహా కన్నాడా అన్నట్టు కుదిరింది.

"రేపు మస్తాన్ చేత ఇదే సైజులో నల్ల స్టిక్కరు కోయించి అతికిస్తాం. వానకి కారకుండా," అంది.

నాకు ప్రాణం లేచొచ్చింది. ప్రాణం వస్తే నోరు ఆగుద్దా? "చూశావా, అంతా ఆ సుబ్బులు కళ్ళే. నేను ముందే అనుకున్నా," అన్నాను.

వసంత కాటుక వేలు తుడుచుకుంటా నావంక చూసింది. "సుబ్బులత్త ఎంతసేపు చూసింది అత్తయ్యా?"

"ఒక్క క్షణం."

"మీరు?"

నేను సీలింగు వైపు చూశాను. మధ్యాహ్నం నుంచి చూస్తా ఉన్నానని ఎట్టా చెప్పను? అన్నం కంచం ఎండిపోయి పక్కనే సాక్ష్యం చెప్తా ఉంది.

"ఇంట్లోవాళ్ళ దిష్టే పెద్ద దిష్టి అని మీరే అంటారు కదా," అంది. అని, నవ్వింది. ఆ నవ్వు కోసం ఇంకో రెండు అక్షరాలు పాడుచేసినా పాపం లేదనిపించింది. అనిపించిందిగానీ, అనలేదు. టిన్నర్ సీసా ఇంకా దాని చేతికి అందేంత దూరంలోనే ఉంది.

ఇంక నిన్న పొద్దున మీరే చూశారు. మస్తాన్ బిగించాడు, మిగతా రెంటికీ పొర లాగాడు, చుక్క చూసి "ఇది డిజైన్‌లో లేదే పెద్దమ్మా," అని గొణిగి, నల్ల స్టిక్కరు కోసి అతికించాడు. స్విచ్ వేశాడు. పట్టపగలు, ఎండలో, లారీల దుమ్ములో, మూడక్షరాలూ ఒక్కసారి కళ్ళు తెరిచినట్టు వెలిగినయ్. లోపల్నుంచి ఎర్రటి వెలుగు ఆ గుండ్రటి అంచుల దాకా వచ్చి నిలబడింది, పెనం మీద బొబ్బట్టు పొంగినట్టు. రోడ్డు మీద బస్సు ఆగింది. స్టాపు లేదక్కడ. ఆగిందంతే. ప్రయాణికులందరూ దిగి దండం పెట్టారు. సరే, ఒకడు దిగి రెండు బొబ్బట్లు కొన్నాడు. ఎవరు చేశారని అడిగాడు. వసంత పెనం దగ్గర్నుంచి తలెత్తి, "నేనే," అంది.

నేను బోర్డు కింద నిలబడి నోరు తెరుచుకుని చూస్తా ఉన్నాను. వసంత వచ్చి నా భుజం పట్టుకుని లోపలికి తీసుకుపోయి, కుర్చీ వేసి, "మీరిక్కడ కూర్చోండి. లోపల్నుంచి బోర్డు కనపడదు," అంది. అంతే, అప్పట్నుంచి నా చోటు అదే. ఊళ్ళో అందరూ చూడొచ్చు, సుబ్బులొదిన కూడా గిన్నె పట్టుకుని వచ్చి చూడొచ్చు, నేను మాత్రం చూడకూడదు.

అయితే ఎదురుగా కళ్ళజోళ్ళ షాపు ఉంది కదా, దానికి ఈ చివర్నుంచి ఆ చివరిదాకా అద్దాల తలుపు. నా కుర్చీలోంచి చూస్తే మా బోర్డు మొత్తం దాంట్లో కనపడుద్ది. తిరగబడి కనపడుద్ది, అయినా ఏం? ఎటు తిప్పినా బొద్దుగానే ఉన్నాయి నా తండ్రులు. అద్దంలో ఆ చుక్క రెండో బుగ్గ మీద కనపడుద్ది, అంటే రెండు బుగ్గలకీ పెట్టినట్టే. ఇంక దానికి ఎవరి దిష్టీ తగలదు. పొద్దుట్నించీ కుర్చీ దిగకుండా అద్దంలోకి చూస్తా కూర్చున్నదాని దిష్టి తప్ప.